వియత్నామీస్‌లో ‘అయిపోయింది’ అనడం: చెరువు గట్టు మీద ఐదు నెలల డైరీ

పని, చోటు, పనిముట్లు

పని: జరిగిపోయిన సంగతి వియత్నామీస్‌లో చెప్పాలి. జరిగిందా అని అడగాలి. ఇంకా జరగలేదని చెప్పాలి. మిగతా భాష జోలికి ఈ డైరీ వెళ్లదు.

చోటు: మెకాంగ్ డెల్టాలో సోక్ చాంగ్ వైపు ఆరు వెనామీ రొయ్యల చెరువులు. నేను దిగినప్పుడు అది ప్రావిన్సు. 2025 జూలైలో కాన్ థో నగరంలో కలిపేశారు. గట్టు మీద మాత్రం ఇంకా సోక్ చాంగే. భీమవరం దగ్గర పదేళ్లు చెరువుల మీద తిరిగి, టెక్నీషియన్‌గా ఇక్కడికొచ్చాను.

పనిముట్లు: జేబు నోటుబుక్కు, ఫోన్లో రికార్డరు, గిటారు శ్రుతి చూసుకునే ఉచిత యాప్ ఒకటి (ఎందుకో దశ 3లో), చెరువుల రిజిస్టరు.

గురువులు ముగ్గురు. గట్టు మేస్త్రీ హాయ్ అన్న, వంట చేసే తూ అక్క, మేత చల్లే కుర్రాడు ఊత్. ఇవి అసలు పేర్లు కావు, పుట్టిన వరస. వియత్నాం దక్షిణాదిలో మొదటి బిడ్డని ‘హాయ్’ అంటారు, అంటే రెండు. ‘తూ’ అంటే నాలుగు, కాబట్టి ఆవిడ మూడో సంతానం. ఆఖరివాడు ‘ఊత్’. ‘ఒకటి’ అనేవాళ్లు ఏ ఇంట్లోనూ ఉండరు.

రాత: వాళ్ల లిపి లాటిన్ అక్షరాలకి కొమ్ములూ చుక్కలూ పెట్టింది. నేను తెలుగు లిపిలో రాసుకున్నాను. పలక మీద దిద్దాక మళ్లీ ముఖం చూడని ఙ, ఞ ఇక్కడ రోజూ డ్యూటీ చేస్తాయి: రోజు అంటే ‘ఙై’, ఇల్లు అంటే ‘ఞా’. త, థ తేడా కూడా వాళ్ల భాషలో గట్టిగా ఉంది, మనకి అది కలిసొస్తుంది. తెలుగులో దొరకనివి స్వరాలు, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎక్కడం, దిగడం. అది మారితే మాటే మారిపోతుంది. హనోయ్‌లో ఆరు, ఇక్కడ ఐదే. అంకెలు వేసుకున్నాను: 1 సమంగా, 2 దిగుతూ, 3 ఎక్కుతూ, 4 మునిగి లేస్తూ, 5 బరువుగా కిందికి.

మొదటి నెలన్నర ఈ అంకెలు వేయకుండా రాశాను. ఆ 31 పేజీలు పనికిరాలేదు. మీరు మొదటి రోజు నుంచే వేసుకోండి.

దశ 1: ‘డా’ని ప్రతి క్రియకీ తగిలించడం (విఫలం)

ఫోన్లో దించుకున్న పాఠాల్లో ఒకే సూత్రం ఉంది. క్రియ మారదు, దాని ముందు ‘డా’ (4) పెడితే భూతకాలం, ‘డాంగ్’ పెడితే వర్తమానం, ‘షే’ పెడితే భవిష్యత్తు. అన్ అంటే తినడం. డా అన్ అంటే తిన్నాను. తిన్నాను, తిన్నాడు, తిన్నది, తిన్నాం అని పది రూపాలు మోసే మనకి ఇది ఉచితంగా ఇచ్చినట్టే ఉంటుంది.

ఒక ఆదివారం కాన్ థో వెళ్లొచ్చి, మర్నాడు రాత్రి భోజనాల దగ్గర చెప్పాను: “హోమ్ క్వా ఎమ్ డా డీ కాన్ థో. ఎమ్ డా మువా యెప్. ఎమ్ డా అన్ ఫో. ఎమ్ డా యే.” నిన్న కాన్ థో వెళ్లాను, చెప్పులు కొన్నాను, ఫో (నూడుల్స్ సూపు) తిన్నాను, వచ్చాను. ‘ఎమ్’ అంటే చిన్నవాడు: పెద్దవాళ్లతో ‘నేను’ అనడానికీ, వాళ్లు నన్ను ‘నువ్వు’ అనడానికీ అదే మాట.

అందరికీ అర్థమైంది. ఊత్ మాత్రం చేతిలో చాప్‌స్టిక్కుని మైకులా పట్టుకుని టీవీలో వార్తలు చదివేవాడి గొంతుతో నా నాలుగు వాక్యాలూ మళ్లీ చెప్పాడు. హాయ్ అన్న దాన్ని ఒక్క వాక్యం చేసి చూపించాడు: “హోమ్ క్వా ఎమ్ డీ కాన్ థో, మువా యెప్, అన్ ఫో, రోయ్ యే.”

ఒక్క ‘డా’ లేదు. ‘నిన్న’ అన్నాక ఇంకా భూతకాలం గుర్తు దేనికి అని ఆయన లెక్క. మన చెవికి ఇది “నిన్న నేను కాన్ థో పోవు, చెప్పులు కొను” అన్నట్టుంటుంది. అందుకే నోరు తిరగదు. క్రియని అలా బోడిగా వదిలేయడం నేర్చుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

కొలత: వాళ్లని అడిగి ఒక రాత్రి భోజనం 40 నిమిషాలు రికార్డు చేశాను. మాటల్లో ఎక్కువ భాగం ఆ రోజు జరిగినవే. లెక్కపెడితే ‘డా’ 3, ‘రోయ్’ (2) 44, ‘చువా’ (1) 19.

సవరణ, రెండు రోజుల తర్వాత: 44 తప్పు. ‘రోయ్’కి ‘ఆ తర్వాత’ అనీ (పైన రోయ్ యే = తర్వాత ఇంటికొచ్చా), ‘సరే’ అనీ అర్థాలున్నాయి. అవి తీసేస్తే 27. అయినా ‘డా’కి తొమ్మిది రెట్లు.

మార్పు: నోట్లోంచి ‘డా’ని ఒక నెలపాటు తీసేశాను. దాని చోటు ఎక్కడో దశ 5లో.

ఇప్పటిదాకా: 38 రోజులు, 72 వాక్యాలు, వాటిలో కొట్టేసినవి 51.

దశ 2: వాక్యం తోక. రోయ్, చువా

అసలు సరుకు ఇక్కడుంది. ‘రోయ్’ వాక్యం చివర పెడితే మన ‘-ఏశా, అయిపోయింది’ వస్తుంది. ‘చువా’ చివర పెడితే ప్రశ్న, క్రియ ముందు పెడితే ‘ఇంకా లేదు’.

1. అన్ కమ్ చువా? భోంచేశావా?
2. అన్ రోయ్. తినేశా.
3. చువా అన్. ఇంకా తినలేదు.
4. జవాబు ఒక్క ముక్కలో: “యా, రోయ్” లేదా “యా, చువా”. ఆ ‘యా’ (5) మన ‘అండి’ లాంటిది. పెద్దవాళ్ల దగ్గర అది లేకుండా మాట్లాడకండి.

మొదటి వాక్యం మన ఊళ్లో లాగానే పలకరింపు. గట్టు మీద ఎవరు ఎదురైనా అదే. తిన్నా తినకపోయినా ‘రోయ్’ అనేసి నడవచ్చు, వాళ్లూ మెనూ అడగరు.

ఇక నేను చేసిన తప్పు. తెలుగులో ‘వేయలేదు’ అనే ఒక్క మాటతో రెండు పనులు జరిగిపోతాయి: అసలు వేయలేదు, ఇంకా వేయలేదు. ‘ఇంకా’ పెట్టకపోయినా సందర్భాన్ని బట్టి ఎదుటివాడు సర్దుకుంటాడు. వీళ్ల దగ్గర ఆ రెండూ వేర్వేరు మాటలు. ‘ఖోంగ్’ అంటే లేదు, ఖాతా మూసేశాం. ‘చువా’ అంటే ఇంకా లేదు, ఖాతా తెరిచే ఉంది.

సాయంత్రం హాయ్ అన్న ఫోన్ చేసి “ఆవ్ బా చో అన్ చువా?” అన్నాడు. మూడో చెరువుకి మేత వేశారా? నేను “యా, ఖోంగ్” అన్నాను. వేయలేదండి, ఇదిగో వేయబోతున్నాం అని నా ఉద్దేశం. ఆయనకి వినిపించింది ‘వేయడం లేదు’ అని. టెక్నీషియన్ ఆపమన్నాడు కాబోలు, రొయ్యలు పొర విడుస్తున్నాయేమో అనుకుని మేత బస్తాలు అయిదో చెరువుకి పంపేశాడు. నేను బస్తాల కోసం ఎదురు చూశాను, ఆయన నిశ్చింతగా స్నానానికి పోయాడు. మూడో చెరువుకి ఆ పూట 18 కిలోల మేత తప్పింది. మర్నాడు పొద్దున చెక్ ట్రేలు (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) నాకినట్టు ఖాళీగా ఉన్నాయి.

పెళ్లి గురించి అడిగినా ఇదే మాట. “ఎమ్ కో యొ చువా?” అంటారు, పెళ్లయిందా అని. కానివాడు ‘చువా’ అనాలి. నేను ‘ఖోంగ్’ అంటే తూ అక్క మొహం అదోలా పెట్టి, గిన్నెలో ఇంకో చేప ముక్క వేసింది. ఇక ఈ జన్మకి వద్దనుకున్నాడు పాపం అనుకుందట. నాకు పెళ్లయి నాలుగేళ్లయింది. ఆ రోజు ప్రశ్నే సరిగా వినలేదు, అది వేరే సంగతి.

మార్పు: రిజిస్టరులో మేత, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), సున్నం గడులకి టిక్కులు మానేసి ‘రోయ్’, ‘చువా’, ‘ఖోంగ్’ అనే మూడు మాటలే రాయడం మొదలెట్టాను. ఖాళీ గడికి అర్థం లేకుండా పోయింది. మూడు వారాల్లో నా నోటికి తేడా పట్టింది. పనివాళ్లకి కూడా ఈ పద్ధతి నచ్చి ఊత్ ఇప్పుడు అలాగే రాస్తున్నాడు.

నిన్న, మొన్న లాంటి ముగిసిన రోజు మీద ప్రశ్న అయితే ‘చువా’ అక్కర్లేదు. “హోమ్ క్వా ఎమ్ కో డీ ఖోంగ్?” నిన్న వెళ్లావా? “ఖోంగ్ డీ.” వెళ్లలేదు. నిన్న అయిపోయింది, ఇంక ‘ఇంకా’కి చోటు లేదు.

ఇప్పటిదాకా: 66 రోజులు, 140 వాక్యాలు, మేత తప్పిన పూటలు 1.

దశ 3: స్వరం. ‘చువా’ని నేను ఏం చేశానంటే

ప్రశ్న అడిగేటప్పుడు తెలుగువాడి గొంతు చివర్న పైకి లేస్తుంది. “తిన్నావా?” అని పైకి అని చూడండి, అప్రయత్నంగా లేస్తుంది. ‘చువా’ ప్రశ్న చివర్లోనే వస్తుంది, అది మాత్రం 1వ స్వరం, బల్లపరుపుగా ఉండాలి. ముంచి లేపితే (4) అది ‘గర్భం’ అనే మాట. నేరుగా పైకి లేపితే (3) ‘నిండా పట్టడం, నిల్వ ఉంచడం’.

రెండు నెలలపాటు తూ అక్కని రోజూ పొద్దున్నే నేను అడిగింది “అక్కా, భోంచేశారా” కాదన్నమాట. ఆవిడకి యాభై దాటాయి. ఒక్కసారీ దిద్దలేదు, “రోయ్, రోయ్” అని నవ్వేసేది. చెప్పింది ఊత్.

దిద్దుబాటు ఇలా చేశాను:

1. శ్రుతి యాప్ తెరిచి ఊత్ చేత ‘చువా’ అనిపించాను. ముల్లు దాదాపు కదల్లేదు.
2. నేనన్నాను. 120 హెర్ట్జ్ దగ్గర మొదలై 170కి వెళ్లింది.
3. ప్రశ్న అని మనసులో అనుకోవడం మానేసి, ధాన్యం బస్తాలు లెక్కపెట్టే గొంతుతో అన్నాను. 120 నుంచి 131.
4. రోజుకి 20 సార్లు, పది రోజులు. తేడా ఐదారు హెర్ట్జ్‌కి దిగింది. అక్కడ ఆపేశాను.

‘డా’ది కూడా ఇదే గోల. 4వ స్వరం బదులు 3 వేస్తే అది ఐసు, రాయి, తన్నడం కూడా. “కాఫీ తాగేశాను” అనబోయి ‘డా’ని ఎత్తి పలికితే, తూ అక్కకి కాఫీ, ఐసు ఈ రెండే వినపడి గ్లాసు నిండా ఐసు ముక్కలు వేసి కాఫీ కలిపి తెచ్చింది. తాగాను.

‘రోయ్’కి మాత్రం ఈ బాధ లేదు. 2వ స్వరం, దిగుడు. పని అయిపోయిందని చెప్పేటప్పుడు మన గొంతు కూడా దిగుతుంది కాబట్టి సహజంగా పడింది. హనోయ్ మనిషి దగ్గర నేర్చుకునేవాళ్లకి ఇది ‘జోయ్’ అని వినిపిస్తుంది, కంగారు పడకండి.

దశ 4: ‘రోయ్’ వినగానే నమ్మేయడం (ఖరీదైన తప్పు)

జూన్ నెల. మబ్బు పట్టిన రోజు, గాలి లేదు. రాత్రి పది దాటాక ఊత్‌కి ఫోన్ చేశాను, నాలుగో చెరువు ఏరేటర్లు వేశావా అని. వాడు చెప్పింది: “యా, షప్ చై రోయ్.” నేను పట్టుకున్నది చివరి మాట. రిజిస్టరులో ‘రోయ్’ రాసి పడుకున్నాను.

‘షప్’ (3) అంటే ‘కాబోతోంది’. “షప్… రోయ్” కలిస్తే ‘ఇదిగో అయిపోతోంది’ అని అర్థం. బస్సు ఎక్కకుండానే “వచ్చేశా, రెండే నిమిషాలు” అంటాం చూడండి, అచ్చం అదే. వాడు నిజానికి బెల్టు మారుస్తున్నాడు. బెల్టు కుదరక గంటన్నర పోయింది.

ఒంటిగంటకి మెలకువ వచ్చి గట్టు మీదికి వెళ్తే రొయ్యలు అంచుల్లో పైకి తేలుతున్నాయి. మీటరు పెడితే ఆక్సిజన్ 2.9. నాలుగుకి తగ్గితేనే మాకు గుండె దడ. అప్పటికి రెండు ఏరేటర్లు తిరగడం మొదలైంది, మిగతా రెండూ కలిపి వేశాం. తెల్లారేసరికి 4.6కి వచ్చింది. చచ్చినవి వలతో తీసి తూస్తే 7 కిలోలు. ఊత్ తప్పు లేదు, వాడు సరిగ్గానే చెప్పాడు. రిపోర్టులో ‘టెక్నీషియన్ పొరపాటు’ అని నేనే రాశాను.

మార్పులు:

1. ‘రోయ్’ వినపడితే క్రియ ముందు ఏముందో మళ్లీ అడగడం. ముందు ‘షప్’ ఉంటే ఇంకా కాలేదు.
2. అనుమానం ఉంటే “సోంగ్ చువా?” అనడం. ‘సోంగ్’ (1) అంటే పని పూర్తవడం. “సోంగ్ రోయ్” అంటే అయిపోయినట్టే, అక్కడ బెల్టు కథలు ఉండవు.
3. కాలం గడుస్తున్నదాని మీద ‘రోయ్’ వస్తే అది ముగింపు కాదు. “ఎమ్ అ డయ్ బా థాంగ్ రోయ్” అంటే మూడు నెలలుగా ఇక్కడే ఉన్నా, ఇంకా ఉన్నా.

మూడోది నాకు ఇప్పటికీ తడబాటే. చివర్లో ‘అయిపోయింది’ మాట పెట్టి ‘ఇంకా ఉన్నా’ అనడం మింగుడుపడదు.

ఇప్పటిదాకా: 104 రోజులు, 233 వాక్యాలు, మేత తప్పిన పూటలు 1, పోయిన రొయ్యలు 7 కిలోలు.

దశ 5: ‘హోయ్’ సంచి, ‘మయ్’, తిరిగొచ్చిన ‘డా’

దక్షిణాది మాటలో ‘హోయ్’ (2) అనే ముక్క ఒకటుంది. దాన్ని ఏ వేళ ముందు పెడితే ఆ వేళ గతంలోకి పోతుంది. పాఠాల యాప్‌లో ఇది లేదు. మనకి జోడీలు కూడా బాగా కుదిరాయి:

హోయ్ నై: ఇందాక.
హోయ్ షాంగ్: పొద్దున (అయిపోయిన పొద్దున).
హోయ్ హోమ్: రాత్రి, ‘రాత్రి నిద్ర పట్టలేదు’లో రాత్రి.
హోయ్ ఞో: చిన్నప్పుడు.
హోయ్ డో: అప్పట్లో.

వీటిలో ఒకటి ముందు పడేస్తే చాలు, తర్వాత క్రియలన్నీ బోడిగా నడిచిపోతాయి.

‘ఎప్పుడు’ అనే ప్రశ్నకి కూడా రెండు మాటలు. గతానికి ‘హోయ్ నావ్’, వాక్యం చివర. రాబోయేదానికి ‘చుంగ్ నావ్’, మామూలుగా వాక్యం ముందు. పుస్తకాల భాషలో ‘ఖీ నావ్’ ఒక్కటే మాట, చోటు మారితే కాలం మారుతుంది: “ఖీ నావ్ ఎమ్ యే?” ఎప్పుడొస్తావు? “ఎమ్ యే ఖీ నావ్?” ఎప్పుడొచ్చావు? క్రియ ఒకటే, మిగతా మాటలూ అవే. నేను అన్నీ ముందే పెట్టేవాణ్ణి. “రొయ్యల పట్టుబడి ఎప్పుడు చేశారు” అని అడిగితే “ఇంకో ఇరవై రోజుల్లో” అని జవాబొచ్చేది. వాళ్లు తప్పు చెప్తున్నారనుకున్నాను.

‘మయ్’ (3) సులువు. మన దీర్ఘం ‘-ఏ’ అనుకోండి. “ఎమ్ మయ్ అన్”, ఇప్పుడే తిన్నా. “హోమ్ క్వా ఎమ్ మయ్ తయ్”, నిన్ననే వచ్చా. పుస్తకాల్లో చెప్పే ‘వూవా’ కూడా ఇదే పని చేస్తుంది, మా గట్టు మీద తక్కువ. ఈ ఒక్కదానికి నోటుబుక్కులో కొట్టివేతలు లేవు.

ఇక ‘డా’. దానికి నిజంగా పని ఉన్న చోటు ఒకటి దొరికింది: ఒకటి జరిగేసరికి ఇంకొకటి అప్పటికే అయిపోయి ఉండటం. “మీరొచ్చేసరికి నేను వెళ్లిపోయాను”లో వెళ్లడం ముందు ‘డా’, చివర ‘రోయ్’. రేపటి సంగతికైనా సరే ఇదే: రేపు మీరొచ్చేసరికి నేను వెళ్లిపోయి ఉంటాను. కాబట్టి దాన్ని భూతకాలం అని పిలవడం నాకు నచ్చలేదు. నోటుబుక్కులో ‘అప్పటికే’ అని రాసి పెట్టుకున్నాను. వార్తల్లో, రిపోర్టుల్లో మామూలు భూతకాలానికీ వాడతారు. అందుకే ఊత్ చాప్‌స్టిక్ మైకు.

అదే ‘డా’ వాక్యం చివరికి పోతే గతం అనేదే ఉండదు. “ఖ్వాన్ డా!” అంటే ఆగాగు. “డే ఎమ్ అన్ కాయ్ డా” అంటే ముందు నన్ను తిననీ. హాయ్ అన్న బోటు ఎక్కమంటే నేను దీన్ని ‘తినేశాను’ అనుకుని వాడేశాను. ఆయన ఇంజను ఆపి పది నిమిషాలు నా భోజనం కోసం కూర్చున్నాడు. నేను పక్కన నిలబడి ఎందుకు బయల్దేరడో అని చూస్తున్నాను.

దశ 6: పరీక్ష

ఆగస్టులో హాయ్ అన్న ఇంట్లో వాళ్ల తాతగారి ‘డామ్ యో’. మన తద్దినం లాంటిది, కాకపోతే చుట్టుపక్కల గట్లన్నీ భోజనానికొస్తాయి. ఎనభై దాటిన మామ్మగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వరి చేలు రొయ్యల చెరువులైన కథ చెప్పింది. అడిగి రికార్డు చేశాను, 22 నిమిషాలు. మొదట్లో ఒకసారి ‘హోయ్ డో’ అంది. ఉప్పు నీళ్లు ఎక్కడం, వరి పోవడం, తాతగారు మొదటి చెరువు చేత్తో తవ్వడం, అన్నీ బోడి క్రియలే. ‘డా’ లెక్క: 1. అది కూడా “అప్పటికే పోయాడు” అన్న చోట.

నాకు మూడొంతులు అర్థమైంది. మార్చిలో అయితే ఆవిడ ఇప్పుడు జరుగుతున్నది చెప్తోందనుకునేవాణ్ణి.

తర్వాత ఆవిడ అడిగింది: “కోన్ క్వా డయ్ హోయ్ నావ్?” ఇక్కడికి ఎప్పుడొచ్చావు నాయనా? (పెద్దవాళ్ల ముందు ‘ఎమ్’ చెల్లదు. వాళ్లు ‘కోన్’ అంటారు, మనమూ మనల్ని ‘కోన్’ అనుకోవాలి. బిడ్డ అని.)

“యా, కోన్ అ డయ్ నమ్ థాంగ్ రోయ్.” ఐదు నెలలుగా ఉన్నానండి. స్వరాలు పడ్డాయి. దశ 4లోని మూడో అంశం కూడా.

“చుంగ్ నావ్ యే?” ఎప్పుడు వెళ్తావు?

“యా, చువా బియెత్.” ఇంకా తెలియదండి. చివర పైకి లేపలేదు.

మొత్తం: 158 రోజులు, 301 వాక్యాలు, నోటుబుక్కులు 2, మేత తప్పిన పూటలు 1, పోయిన రొయ్యలు 7 కిలోలు. నాలుగో చెరువు పట్టుబడి వచ్చే మంగళవారం. రిజిస్టరులో ఆ గడిలో ప్రస్తుతానికి ‘చువా’ ఉంది.